ఊరెళ్తున్నప్పుడు గినీ పిగ్స్‌ను ఎవరికి, ఎలా అప్పగించాలి: బెంగళూరులో ఉండేవాళ్ళకు పూర్తి వివరాలు

సంక్రాంతి టికెట్లు బుక్ చేసుకున్న దగ్గర్నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, నాలుగు రోజులు ఊరెళ్తున్నాం. గిన్నె నిండా మేత పోసి, రెండు సీసాల నీళ్ళు పెట్టి వెళ్తే చాలా?" అని. చాలదు. ఒక్క రాత్రి దాటి ఊరెళ్ళినా సరే, చాలదు.

గినీ పిగ్ పొట్ట ఎప్పుడూ పనిచేస్తూనే ఉండాలి. గడ్డి లోపలికి పోతూ ఉంటేనే పేగులు కదులుతాయి. తిండి ఆగితే పేగులు ఆగుతాయి, గ్యాస్ నిండుతుంది, ఆ నొప్పికి అది ఇంకా తినదు. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే దాన్ని ఎమర్జెన్సీగానే చూడాలి. పైగా జబ్బు చేసినా బయటపడనివ్వదు. అడవిలో వేటకు గురయ్యే జాతి కాబట్టి నీరసాన్ని దాచుకుంటుంది. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

మొదటిసారి ఊరెళ్ళినప్పుడు నేను చేసిన పొరపాటు చెప్తాను. మా రెండు గినీ పిగ్స్ సున్ని, బూరెలను చూడమని తెలిసిన కుర్రాడికి తాళం ఇచ్చి వెళ్ళాను. పాపం రోజూ వచ్చాడు, మేత పెట్టాడు. "నీళ్ళ సీసా నిండుగానే ఉందక్కా" అని మెసేజ్ కూడా పెట్టాడు. నేను సంతోషించాను. అది ప్రయాణం ముందు రోజు కొన్న కొత్త సీసా. దాని మూతిలో ఉండే స్టీలు గోళీ బిగుసుకుపోయింది. రెండు రోజులపాటు నీళ్ళు ఒక్క చుక్క రాలేదు. నేను తిరిగొచ్చేసరికి సున్ని 940 గ్రాముల నుంచి 830కి దిగిపోయింది. డాక్టరు చెప్పినట్టు వారం రోజులు సిరంజితో తినిపిస్తే కోలుకుంది.

సీసా నిండుగా ఉండటం మంచి వార్త కాదని ఆ రోజు తెలిసింది. ఏం పెట్టామన్నది కాదు, పెట్టిన దాంట్లో ఎంత తగ్గిందో చూసే మనిషి కావాలి. కింద రాసిన ఏర్పాట్లన్నీ దానికోసమే.

1. ఎక్కడ ఉంచాలో ముందు తేల్చుకోండి

వీలైతే మీ ఇంట్లోనే, వాటి పంజరంలోనే ఉంచి మనిషిని రప్పించండి. కొత్త చోటు, కొత్త వాసనలు, కొత్త చప్పుళ్ళు వీటికి చాలా టెన్షన్. ఆ టెన్షన్‌కే తిండి మానేస్తాయి.

మనిషి రోజుకు రెండుసార్లు రావాలి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్కసారే వస్తానంటే ఒప్పుకోకండి. పొద్దున వచ్చి వెళ్ళాక ఏదైనా తేడా వస్తే, మళ్ళీ మర్నాడు పొద్దున దాకా చూసే దిక్కుండదు.

అలా కుదరకపోతే పంజరంతో సహా తెలిసినవాళ్ళ ఇంటికి పంపండి. అదే పంజరం, అదే గుడ్డ, అదే సీసా వెళ్ళాలి. రెండు ఉంటే రెండూ కలిసే వెళ్ళాలి, విడదీయకండి. అక్కడ కుక్కగానీ కుందేలుగానీ ఉంటే వేరే ఇల్లు చూసుకోండి. వాటిలో ఏ లక్షణమూ చూపించకుండా ఉండే బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా గినీ పిగ్స్‌కి న్యుమోనియా తెప్పిస్తుంది.

బోర్డింగ్, అంటే డబ్బు తీసుకుని జంతువుల్ని ఉంచుకునే సెంటరు, మూడో దారి. నగరంలో ఎక్కువ సెంటర్లు కుక్కల కోసం, పిల్లుల కోసం పెట్టినవే. "చిన్న జంతువుల్ని కూడా తీసుకుంటాం" అంటే వెంటనే డబ్బు కట్టకుండా, వెళ్ళి చూసి ఇవి అడగండి:

- గినీ పిగ్స్‌ని ఏ గదిలో ఉంచుతారు? కుక్కల అరుపులు వినిపిస్తాయా?
- వేరేవాళ్ళ గినీ పిగ్స్‌తో కలిపి వదులుతారా? (వదులుతామంటే వద్దు. దెబ్బలాడుకుంటాయి, మగా ఆడా కలిస్తే పిల్లలు పుడతాయి.)
- రాత్రి మనిషి ఉంటారా?
- మేము పంపిన గడ్డే పెడతారా?
- ఏదైనా జరిగితే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు?

చివరి ప్రశ్నకు తడుముకుంటే అక్కడ పెట్టకండి.

వెంట తీసుకెళ్ళడం గురించి: హిందూపురం, అనంతపురం లాంటి దగ్గర ఊళ్ళకు సొంత కారులో తీసుకెళ్ళొచ్చు. విజయవాడ వైపు ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఎండాకాలంలో అస్సలు వద్దు. రాత్రి బస్సులో సీటు కింద బ్యాగులో పెట్టి తీసుకెళ్ళే ఆలోచన ఏ కాలంలోనూ వద్దు.

2. ఎవరికి అప్పగించాలి

జంతువులంటే ప్రేమ ఉండటం ఒక్కటే సరిపోదు. ప్రేమ ఎక్కువై అన్నం, చపాతీ, బిస్కెట్ పెట్టేవాళ్ళను చూశాను. చెప్పినదే చేసే మనిషి, చెప్పనిది చెయ్యని మనిషి కావాలి. జంతువును చేతిలోకి ఎత్తుకోవడానికి భయపడకూడదు. పదేళ్ళ పిల్లలకు సాయం చేసే పని ఇవ్వొచ్చుగానీ, బాధ్యత మాత్రం పెద్దవాళ్ళదే.

నా అనుభవంలో బాగా కుదిరినవాళ్ళు ఇద్దరు. ఒకరు పై ఫ్లోర్‌లో ఉండే అక్క. ఇంకొకరు మా పనావిడ. ఆవిడ చిన్నప్పుడు మేకల్ని మేపింది. పెంటికలు చూసి జంతువు ఎలా ఉందో చెప్పేయడం ఆవిడకు నేను నేర్పాల్సిన పని కాలేదు. పండక్కి ఆవిడ కూడా ఊరెళ్ళొచ్చు కాబట్టి ముందే అడగండి. పనికి తగ్గ డబ్బు ఇవ్వండి. మొహమాటంతో ఒప్పుకున్న పని రెండో రోజుకే పలచబడుతుంది.

ఇంకో మనిషిని కూడా సిద్ధంగా పెట్టుకోండి. మొదటివాళ్ళకు జ్వరం వస్తే తలుపు తీసి వెళ్ళేది ఎవరు? రెండో తాళంచెవి వాళ్ళ దగ్గర ఉండాలి.

3. మూడు వారాల ముందు చేయాల్సినవి

*డాక్టరును వెతికి పెట్టుకోండి.* కుక్కల్ని చూసే ప్రతి డాక్టరూ గినీ పిగ్స్‌ని చూడరు. ఫోన్ చేసి "గినీ పిగ్స్‌కి వైద్యం చేస్తారా, ఆదివారం ఉంటారా, రాత్రి ఏం చెయ్యాలి" అని అడగండి. బెంగళూరులో హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది. చెన్నైలో ఉండేవాళ్ళకు వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ. ప్రైవేటు డాక్టరుతో పాటు ఈ చిరునామా కూడా కాగితం మీద ఉండాలి. పండగ రోజు ఎవరు ఉంటారో ముందే కనుక్కోండి.

*ఒకసారి చూపించండి.* పళ్ళు, గోళ్ళు, ఒంటి మీద పురుగులు చూస్తారు. గినీ పిగ్ పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు బాగున్నా దవడ పళ్ళలో తేడా ఉండొచ్చు.

*మందుల గురించి రాసి పెట్టండి.* పెనిసిలిన్, అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్ మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పిల్లలకు వాడగా మిగిలిన సిరప్ మంచి మనసుతోనే పోసేవాళ్ళుంటారు. "డాక్టరు చెప్పకుండా ఏ మందూ పోయకూడదు" అని కాగితం పైభాగంలో పెద్ద అక్షరాలతో రాయండి.

*బరువు చూడటం మొదలుపెట్టండి.* కూరగాయలు తూచే వంటింటి కాటా చాలు. కాటా మీద ఒక స్టీలు గిన్నె పెట్టి, సున్నాకు తెచ్చి, గిన్నెలో రెండు కొత్తిమీర రెమ్మలు వెయ్యండి. గినీ పిగ్‌ను అందులో కూర్చోబెడితే అది రెమ్మ నములుతూ కదలకుండా ఉంటుంది, అంకె నిలబడుతుంది. వారానికి రెండుసార్లు, ఒకే వేళకు రాసుకోండి. పెద్ద గినీ పిగ్ మామూలుగా 700 నుంచి 1200 గ్రాముల దాకా ఉంటుంది. మీ దానికి మామూలు ఎంతో తెలిస్తేనే తగ్గిందని చెప్పగలరు.

4. సరుకులు

గడ్డి ముఖ్యం, మిగతావన్నీ దాని తర్వాతే. టిమోతి అనే ఎండుగడ్డి ప్యాకెట్లు పండగ ముందు ఆన్‌లైన్‌లో ఆలస్యం కావడం మామూలే. రెండు వారాల ముందే తెప్పించండి. మా రెండింటికి, తొక్కి పారేసేదానితో కలిపి, రోజుకు వంద గ్రాములకు పైగా పడుతుంది. రోజుల సంఖ్యకు ఇంకో మూడు రోజులది కలిపి ఉంచుతాను. కొత్త రకం గడ్డి, కొత్త బ్రాండ్ పెల్లెట్లు (గుళికల్లా ఉండే మేత) ప్రయాణం ముందు మొదలుపెట్టొద్దు. పచ్చి గడ్డి కావాలంటే పూజా సామాన్ల దగ్గర అమ్మే గరిక బాగుంటుంది. రెండు మూడు నీళ్ళలో కడిగి ఆరబెట్టాకే వెయ్యాలి. పార్కులో, రోడ్డు పక్కన కోసింది వద్దు. మందు కొట్టి ఉండొచ్చు, కుక్కలు పాడు చేసి ఉండొచ్చు.

తర్వాతిది విటమిన్ సి. మనలాగే గినీ పిగ్ శరీరం కూడా దీన్ని తయారు చేసుకోలేదు. రోజూ తిండిలోనే అందాలి. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. రోజూ ఒక్కోదానికి పావు క్యాప్సికం వేస్తే చాలావరకు సరిపోతుంది. నీళ్ళలో విటమిన్ చుక్కలు కలపకండి. గంటల్లోనే శక్తి తగ్గిపోతుంది, రుచి మారి అవి నీళ్ళు తాగడం కూడా తగ్గిస్తాయి.

పెల్లెట్లు ఒక్కోదానికి రోజుకు సుమారు ఒక టేబుల్ స్పూను, అంతకంటే కొంచెం ఎక్కువ. దాన్ని రెండు పూటలకు పంచి, పూటకొక పొట్లం కట్టి, పొట్లం మీద "శుక్రవారం ఉదయం", "శుక్రవారం సాయంత్రం" అని రాయండి. కట్టాక మిగిలిన డబ్బా కనపడకుండా దాచేయండి. డబ్బా కనిపిస్తే ఇంకో గుప్పెడు పడుతుంది.

కొత్తిమీరను కడగకుండా, వేర్లు కోసి, పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు తాజాగా ఉంటుంది. క్యాప్సికం కోసి ఉంచకండి, ఏ పూటకాపూట కోయాలి. కీరదోస ముక్క వెయ్యొచ్చు. క్యారెట్ వారానికి రెండు మూడుసార్లు చిన్న ముక్క చాలు, తీపి ఎక్కువ. పాలకూర, తోటకూర రోజూ వద్దు. ఫ్రిజ్ నుంచి తీసి చల్లగా కాకుండా, కాసేపు బయట ఉంచి పెట్టమనండి.

పెట్టకూడనివి: ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళదుంప, టమాటా ఆకులు, అవకాడో, అన్నం, రొట్టె, పాలు, పెరుగు, పప్పులు, మిక్చర్, పండగ పిండివంటలు.

5. ఫ్రిజ్ మీద అంటించే కాగితం

చూసే మనిషికి ఏ భాష చదవడం వస్తుందో ఆ భాషలోనే రాయండి. మా పనావిడకు నేను కన్నడంలో రాయించి ఇచ్చాను. మొదటి లైను "ఒణ హుల్లు యావాగలూ ఇరబేకు", అంటే ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి అని. చదవడం రానివాళ్ళయితే ఒక్కో పని మీరు చేస్తూ వీడియో తీసి వాట్సాప్‌లో పంపండి.

కాగితం ఒక పేజీ దాటకూడదు. నేను వాడేది ఇది:

ఉదయం
- పంజరం దగ్గర ఒక నిమిషం నిలబడి చూడాలి. రెండూ ముందుకు వచ్చాయా?
- సీసా మీద గీసిన గీత కంటే నీళ్ళు తగ్గాయా? వేలితో గోళీని నొక్కి చూడాలి, నీటి చుక్క రావాలి.
- సీసా కడిగి, కొత్త నీళ్ళు పోసి, మళ్ళీ గీత గీయాలి.
- పాత గడ్డి తీసేసి, పెద్ద గుప్పెళ్ళతో రెండు వెయ్యాలి.
- పొట్లం, కూరగాయలు పెట్టి, కూరగాయల దగ్గరికి వచ్చేదాకా ఆగాలి.
- ఫోటో పంపాలి.

సాయంత్రం
- మళ్ళీ అవే, వాటితో పాటు తడిసిన గుడ్డ మార్చాలి, పెంటికలు ఊడ్చాలి.
- మిగిలిపోయిన కూరగాయలు తీసేయాలి.
- కిటికీ, ఫ్యాను, లైటు చూడాలి.

కింద మీ నంబరు, రెండో మనిషి నంబరు, డాక్టరు నంబరు, డాక్టరు చిరునామా. "నన్ను అడగకుండానే వైద్యం మొదలుపెట్టవచ్చు, ఖర్చు నాది" అని ఒక వాక్యం రాసి సంతకం చెయ్యండి. మీ ఫోన్ సిగ్నల్ లేని చోట ఉన్నప్పుడు ఆ వాక్యమే పనికొస్తుంది. దారి ఖర్చుకు కొంత డబ్బు కవరులో పెట్టండి. జంతువును తీసుకెళ్ళే బుట్ట తలుపు పక్కనే ఉండాలి, అటక మీద కాదు.

6. ఒకసారి రిహార్సల్

బయల్దేరడానికి వారం ముందు ఆ మనిషిని రెండు పూటలు పిలవండి. మొదటి పూట మీరు చేస్తే వాళ్ళు చూస్తారు. రెండో పూట వాళ్ళు చేస్తే మీరు పక్క గదిలో ఉండండి, నోరు మెదపకండి. ఎక్కడ ఆగుతున్నారో, ఏది మరిచిపోతున్నారో అప్పుడే తెలుస్తుంది. తలుపు తాళం తీయడం, అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో అనుమతి, లిఫ్టు కార్డు కూడా ఆ రోజే చూసుకోండి. పండగ రోజు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేసి వెనక్కి పంపిన సందర్భాలు విన్నాను.

ఎత్తుకోవడం కూడా నేర్పండి: ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక భాగం కింద. నేల మీద కూర్చుని ఎత్తుకోవాలి. నిలబడి ఎత్తుకుంటే జారి పడినప్పుడు ఎముకలు విరుగుతాయి.

7. వేడి, చప్పుడు, పొగ

గినీ పిగ్‌కి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీలు. 27 దాటితే వేడి దెబ్బ భయం మొదలవుతుంది. వాటికి చెమట పట్టదు. బెంగళూరులో మార్చి, ఏప్రిల్‌లో పై అంతస్తు ఇల్లు మూసి పెడితే మధ్యాహ్నానికి కొలిమి అవుతుంది. చెన్నైలో ఉండేవాళ్ళు ఎండాకాలం ప్రయాణమైతే, ఏసీ వేసి ఉంచే ఇంటికి పంపడమే మేలు.

- పంజరం బాల్కనీలో వద్దు. ఎండ, పిల్లులు, కాకులు, ఎలుకలు అన్నీ ఉంటాయి.
- ఇంట్లో ఎండ పడని గది, గాలి వచ్చే కిటికీకి దోమల వల.
- నీళ్ళ బాటిల్ గడ్డకట్టించి గుడ్డ చుట్టి పంజరంలో ఒక మూల పెట్టాలి. కావాలంటే దాని దగ్గరికి వెళ్తాయి, వద్దంటే దూరంగా ఉంటాయి.
- కరెంటు పోతే ఫ్యాను ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో ముందే చూడండి.

దీపావళికి వెళ్తుంటే లోపలి గదికి మార్చండి. దాక్కోవడానికి ఒక్కోదానికి ఒక అట్టపెట్టె ఇచ్చి, మూడు వైపులా దుప్పటి కప్పండి. దోమల కాయిల్, అగరుబత్తి ఆ గదిలో వద్దు. అపార్ట్‌మెంట్‌లో పురుగుల మందు కొట్టే తేదీ మీరు లేని రోజుల్లో పడిందేమో మేనేజరును అడగండి.

8. మీరు ఊళ్ళో ఉన్నప్పుడు

"ఎలా ఉన్నాయి?" అని అడిగితే "బాగున్నాయి" అనే వస్తుంది. అలా అడగకండి. పూటకు మూడు ఫోటోలు అడగండి: గీత కనిపించేలా నీళ్ళ సీసా, మార్చకముందు గడ్డి బుట్ట, ఊడ్చిన పెంటికల కుప్ప. మూడో దాంట్లోనే సగం సంగతి తెలుస్తుంది. పెంటికలు నిన్నటికంటే చిన్నగా, తక్కువగా, ఒక కొస సూదిగా ఉంటే తిండి తగ్గిందన్న మాట. కూరగాయ తింటున్న పది సెకన్ల వీడియో కూడా ఒకటి. పది రోజుల ప్రయాణమైతే మధ్యలో ఒకసారి బరువు కూడా.

ఇవి కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి:

- కూరగాయ చూసినా కదలకపోవడం, గడ్డి ముట్టకపోవడం
- పెంటికలు ఆగిపోవడం, లేదా విరేచనాలు
- ఒంటి మీద వెంట్రుకలు లేచి, ముడుచుకుని మూల కూర్చోవడం
- కళ్ళు, ముక్కు కారడం, ఊపిరి తీసుకునేటప్పుడు చప్పుడు
- మూత్రంలో రక్తం, పోసేటప్పుడు అరవడం
- చొంగ కారుస్తూ, పక్కకు వాలిపోయి, వేగంగా ఊపిరి తీయడం. ఇది వేడి దెబ్బ. వెంటనే చల్లని గదికి మార్చి, చెవులకు, పాదాలకు మామూలు నీళ్ళలో తడిపిన గుడ్డ అద్దుతూ బయల్దేరాలి. ఐసు నీళ్ళలో ముంచకూడదు.

9. ఎక్కువమంది చేసే తప్పులు

*బయల్దేరే ముందు పంజరం మొత్తం కడిగేయడం.* వాటి వాసన పోతుంది, అదే రోజు మీరూ కనిపించరు. రెండు రోజుల ముందే కడగండి. వెళ్ళే రోజు తడిసినచోట మాత్రం మార్చండి.

*ఒక్క సీసా మీద ఆధారపడటం.* పాత సీసాతో పాటు, వారం రోజులుగా వాడుతున్న రెండోది కూడా తగిలించండి. బరువైన మట్టి మూకుడులో నీళ్ళు పెట్టడం ఇంకా మంచిది, గోళీ బిగుసుకుంటుందన్న భయమే ఉండదు.

*ఒంటరిగా ఉంటుందని తోడుకు ఇంకోదాన్ని తెచ్చి వెళ్ళిపోవడం.* కొత్త జంట కుదురుకోవడానికి మీరు పక్కన ఉండాలి. ఊరెళ్ళే వారంలో ఆ పని వద్దు.

*వానాకాలంలో తడి గుడ్డను పట్టించుకోకపోవడం.* వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులో పురుగులు పడతాయి. ఆ నెలల్లో సాయంత్రం పూట పొట్ట కింద ఒకసారి చూడమని కాగితంలో కలపండి.

10. తిరిగొచ్చాక

బ్యాగులు పక్కన పెట్టి ముందు బరువు చూడండి. యాభై గ్రాముల దాకా తేడా ఉంటే రెండు మూడు రోజులు రోజూ తూచండి. పదో వంతు తగ్గితే, ఎంత చురుగ్గా కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఇన్ని రోజులు వదిలి వెళ్ళామన్న బాధతో ఒకేసారి కూరగాయలు కుమ్మరించకండి, పొట్ట ఉబ్బుతుంది.

బోర్డింగ్ నుంచి తెచ్చుకుంటే ఇంట్లో ఉన్న వేరే గినీ పిగ్స్‌కు రెండు వారాలు దూరంగా ఉంచండి. అక్కడ మగవాటితో కలిసిందేమోనని అనుమానం ఉంటే తేదీ రాసుకోండి. కడుపుతో ఉండే కాలం 59 నుంచి 72 రోజులు. వారం వారం బరువు పెరుగుతుంటే డాక్టరుకు చెప్పండి.

చూసిన మనిషి తాళం తిరిగివ్వడానికి వచ్చినప్పుడు ఫ్రిజ్ మీది కాగితం తీసి ముందు పెట్టండి. ఏది అర్థం కాలేదో, ఏది కష్టమయిందో అడిగి అక్కడికక్కడే దిద్దండి. మట్టి మూకుడు మా కాగితంలోకి అలాగే వచ్చింది. "ఆ సీసా ఎందుకమ్మా, మేకలకు మూకుడులోనే పెట్టేవాళ్ళం" అని మా పనావిడ అన్న మాట అది.